గూట్లో చెంబు

ఆంజినమ్మ మూడో మరుగుదొడ్డి గది నేల రుద్దుతుండగానే పల్లెల నుంచి వచ్చే మొదటి బస్సు ఆగిన చప్పుడైంది. చీపురు వేగం పెరిగింది. ఇంకో రెండు నిమిషాల్లో ఆడవాళ్లు వచ్చేస్తారు. కోడికూతకు ఇల్లు విడిచి, గతుకుల రోడ్డు మీద గంటన్నర బిగబట్టుకుని కూర్చున్నవాళ్లు. దిగీ దిగగానే సంచి ఒక చేత్తో, కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని పరుగులాంటి నడకతో వస్తారు. ఆ నడక చూసి ఎవరికి ఎంత తొందరగా ఉందో చెప్పగలదు ఆంజినమ్మ. ఇరవై రెండేళ్ల కాపలా మరి, ఊరికే పోతుందా.

"మెల్లగా రాండమ్మా, తడి ఉండాది. జారితే నాకు పాపం," అంటూ పక్కకు తప్పుకుంది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. బక్కగా, ఎండకు ఎండిన చింతబరికెలా ఉంటుంది. ఎడమ తుంటి కిందికి జారి, నడిస్తే ఒక పక్కకు ఒరుగుతుంది. అది పోలీసు లాఠీ చేసిన పని. ఏళ్ల తరబడి ఫినాయిల్లో నానిన వేళ్ల చివర్లు తెల్లగా పొరలు లేచి ఉంటాయి. రేషన్ ఇచ్చే మిషను మీద వేలు పెడితే ముద్ర పడదు. "నీ వేలిముద్ర యాడ పోయిందవ్వా?" అని డీలరు ప్రతి నెలా అడుగుతాడు. "మీ ఊరి ఆడోళ్ల గదిలో కరిగిపోయినాదిలే," అంటుంది.

ఉరవకొండకూ విడపనకల్లుకూ మధ్య రోడ్డు మీద ఉన్న చిన్న ఊరు అది. బస్టాండు వెనక ఉన్న ఆ గదిలో మూడు మరుగుదొడ్లు, ఒక స్నానాల గది, ఒక నీళ్ల తొట్టి, పదిమంది కూర్చోగల సిమెంటు అరుగు ఉన్నాయి. వాకిలి మీద 'మహిళల విశ్రాంతి గది, మహిళా సంఘం పోరాట ఫలితం' అని ఎర్రరంగుతో రాసి ఉంటుంది. ఎండకు వెలిసి 'పోరాట' అన్న మాట దాదాపు కనబడదు. ట్యాంకరు మూడు రోజులకొకసారి వస్తుంది, అదీ డ్రైవరు మనసు బాగుంటే. కాబట్టి నీళ్లు ఎవరూ ముంచుకోకూడదు. తొట్టి పక్కన వరసగా ఆరు ప్లాస్టిక్ చెంబులుంటాయి. ఆంజినమ్మే ముంచి చేతికిస్తుంది, మనిషికి రెండు చెంబులు. మూడోది అడిగితే, "ఏం తల్లీ, హంద్రీనీవా కాలవ ఈ గది కిందనే పోతాందా?" అంటుంది. అడిగినవాళ్లు నవ్వేస్తారు.

వాకిలి బయట, కుడిపక్క గోడలో దీపం పెట్టడానికని కట్టిన చిన్న గూడు ఉంది. అందులో ఒక స్టీలు చెంబు బోర్లించి ఉంటుంది.

ఖాళీగా ఉన్నప్పుడు అరుగు మీద కూర్చున్న కాలేజీ పిల్లలకు ఆంజినమ్మ పాత సంగతులు చెబుతుంది. ఈ గది లేనప్పుడు లారీల చాటున కూర్చోవాల్సి వచ్చేదని, డ్రైవర్లు కావాలని హెడ్‌లైట్లు వేసేవాళ్లని, నలభై మూడు మంది ఆడవాళ్లు ఖాళీ చెంబులు పట్టుకుని మండలాఫీసు ముందు కూర్చుని గరిటెలతో వాటిని మోగించారని. అది చెంబుల ధర్నా. తుంటి విరిగింది ఆ రోజే. అంతకంటే పాత సంగతి ఇంకొకటి ఉంది. వాళ్ల సొంత ఊళ్లో హోటలు బయట గోడ గూట్లో, ఊరవతలి వాళ్ల గేరివాళ్లకని, అంటరానివాళ్లకని, ఒక గాజుగ్లాసు ఉండేది. వాళ్ల నాయన పొలం పని నుంచి వచ్చి ఆ గ్లాసు తీసి పట్టుకుంటే హోటలాయన పైనుంచి టీ వొంపేవాడు. తాగాక, "కడిగి ఆడ పెట్టి పో," అనేవాడు. తిట్టుగా కాదు, మామూలుగా, వాన వచ్చేట్టుందని అన్నంత మామూలుగా. చిన్నపిల్లగా ఉన్న ఆంజినమ్మ ముందే నాయన గ్లాసు కడిగి గూట్లో బోర్లించి వచ్చేవాడు. ఎర్రజెండావాళ్లు వచ్చి ఒకరోజు ఆ గ్లాసును నడిబజారులో పగలగొట్టారు. ఆ గాజుపెంకుల మోత విన్న రోజే తను పార్టీ మనిషినైపోయానని చెబుతుంది ఆంజినమ్మ. చెప్పేటప్పుడు వెన్ను నిటారుగా అవుతుంది, తుంటి కూడా సర్దుకున్నట్టుంటుంది.

ఎనిమిది గంటలప్పుడు జయంతి రెండు బిందెలతో వచ్చింది. నెత్తిన ఒకటి, చంకన ఒకటి. సంతబజారు బోరింగు దగ్గర్నుంచి, అరకిలోమీటరు దూరం.

"ట్యాంకరు ఈ పొద్దు కూడా రాదంట అత్తా. ఇంకో నాలుగు బిందెలు ఏస్తా."

జయంతి పొడగరి. ఎముక లావు. ముఖానికి పసుపు, దాని మీద పౌడరు, ఆ రెండింటి కింద నుంచి నీలంగా గీసిన గడ్డం జాడ. కొప్పులో కనకాంబరాలు. గొంతును లోపలికి లాక్కుని సన్నగా మాట్లాడుతుంది. అలసిపోయినప్పుడు మాత్రం అసలు గొంతు బయటపడుతుంది, వెంటనే సర్దుకుంటుంది. బస్సుల్లో ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముతుంది. పొద్దుటి నుంచి చీకటిపడేదాకా బస్టాండే ఇల్లు. నాలుగేళ్ల కిందట, మగవాళ్ల వైపు వెళ్తే ఎవడో సిగరెట్టుతో మోచెయ్యి కాల్చాడని వచ్చి ఈ వాకిట్లో నిలబడింది. మోకాళ్లు దగ్గరగా నొక్కిపెట్టుకుని, "అత్తా, ఒక్కసారి," అంది. ఆ నిలబడడం ఆంజినమ్మకు తెలుసు. లారీల చాటు వెతుక్కున్న కాలంలో తనూ అలాగే నిలబడేది. ఏమీ అడగకుండా రెండు చెంబులు నీళ్లిచ్చి లోపలికి పంపింది.

ఆ తర్వాత వారానికి ఆడవాళ్లు గొణిగారు. వచ్చిపోవడం సంగతి తర్వాత, చెంబు సంగతేమిటని. ఆంజినమ్మ తెలివిగా తేల్చేసింది. నీకంటూ ఒక చెంబు తెచ్చుకోమని జయంతికి చెప్పింది. జయంతి మొహం వెలిగిపోయింది. ఆ సాయంత్రమే స్టీలు చెంబు కొని, పాత్రల అంగట్లో మిషనుతో పేరు కొట్టించి తెచ్చింది. చుక్కలు చుక్కలుగా 'జయంతి' అని. ఆధార్ కార్డులో ఇంకా జయరామే. ఆ పేరు ఎక్కడైనా రాసి ఉండటం అదే మొదటిసారి. ఎదురొచ్చిన ప్రతివాళ్లకూ చూపించింది. అంత సంబరపడింది కాబట్టి ఆంజినమ్మ ఇంక ఆ చెంబు గురించి ఆలోచించలేదు. గూడు ఖాళీగానే ఉంది కదా, అక్కడ పెట్టుకోమంది.

జయంతి బిందెలు తొట్టిలో వొంపి, కొంగుతో మెడ తుడుచుకుంది.

"మధ్యాన్నం మీటింగంట కదా. నా గురించేనంట."

"ఉండాది. నువ్వేం దిగులు పడాకు. నేను చెప్తా."

"ఏమని చెప్తావు?"

"ఉండే మాటే చెప్తా. నాలుగేండ్లుగా వస్తాండాది, ఒక్కరికీ ఇబ్బంది రాల్యా, ఈ గది ఆ యమ్మది కూడా అని. అంతే కదా."

జయంతి ఆ మాటను మనసులో ఇంకోసారి చెప్పుకున్నట్టు పెదాలు కదిపింది. తర్వాత ఖాళీ బిందెలు తీసుకుని వెళ్లింది.

పదింటికి చౌడేశ్వరి స్కూటీ మీద వచ్చింది. సంఘానికి మండల కార్యదర్శి, ప్రైవేటు బడిలో టీచరు. మంచి పిల్ల, చదువుకున్న పిల్ల. కానీ ఈసారి పంచాయతీ ఎన్నికల్లో నిలబడుతోంది, అక్కడే వచ్చింది చిక్కు. ఎర్రజెండావాళ్లు ఆడవాళ్ల గదిని ఏం చేశారో చూడండంటూ అవతలి పార్టీవాళ్లు జయంతి లోపలికి వెళ్తుండగా వీడియో తీసి ఊరంతా పంచారు. సంఘం పెద్దలేమో జయంతిలాంటి వాళ్లను మన ఆడవాళ్లుగానే చూడాలని తీర్మానం చేసి పంపారు. పైనుంచి తీర్మానం, కింద ఓట్లు. చౌడేశ్వరి స్కూటీ దిగకుండానే మాట్లాడింది.

"చిన్నమ్మా, నేను పెద్ద పెద్ద మాటలు చెప్తా, అవి ఎవరికీ ఎక్కవు. నువ్వు ఒక్క మాట చెప్పు చాలు. నీ తుంటి చూసైనా నోరు మూసుకుంటారు."

"చెప్తాలే పో," అంది ఆంజినమ్మ. తన మాటకు అంత బరువుందని విని లోపల కొంచెం పొంగింది కూడా. అబద్ధమెందుకు.

మధ్యాహ్నానికి ట్రంకుపెట్టె అడుగు నుంచి సంఘం బ్యాడ్జి తీసి రవికకు పెట్టుకుంది. రెండు గంటలకు అరుగు నిండింది. నిండగా మిగిలినవాళ్లు కింద కూర్చున్నారు. సగం మంది సంఘంవాళ్లు. మిగిలిన సగంలో అవతలి పార్టీ కండువాలు కొన్ని, ఏ పార్టీ కానివాళ్లు కొందరు. జయంతి లోపలికి రాలేదు. గోడ అవతల నిలబడి, తొట్టికి పెట్టిన బయటి గొట్టంలోంచి బిందెలతో నీళ్లు పోస్తోంది. నీళ్లు పడే చప్పుడు అరుగు దాకా వినిపిస్తోంది.

ముందు లేచింది రహమత్‌బీ. బస్టాండు ముందర గాజుల బండి ఆమెది. ఆంజినమ్మకు పదిహేనేళ్లుగా తెలుసు, పండక్కి గాజులు తొడిగితే మళ్లీ మళ్లీ చెయ్యి నిమిరి పంపే మనిషి.

"ఆ యమ్మ చెడ్డదని నేను అనడంల్యా ఆంజినక్కా. పోయినేడు నా రేష్మా స్నానం చేస్తాంటే గోడ మీద నుంచి ఫోను పెట్టినాడే, వాడు మగోడు. ఈ యమ్మ కాదు. నాకు తెలుసు. కానీ ఆ పొద్దు నుంచి నా బిడ్డ ఈ గదిలో లావు గొంతు వినపడితే చాలు, వణుకుతాండాది. బిగబట్టుకుని ఇంటికొస్తాండాది. డాక్టరు దగ్గరికి పోయినాం. నా బిడ్డ భయాన్ని యాడ పెట్టుకోవాల నేను? మాకుండేది ఈ ఒక్క గదే."

అందులో కాదనడానికేమీ లేదు.

చౌడేశ్వరి లేచింది. ఆడతనం పుట్టుకలో ఉందా, బతుకులో ఉందా అన్న దాని గురించి దేశమంతా చర్చ జరుగుతోందని చెప్పింది. రేష్మా భయమూ నిజమే, జయంతి మోచేతి మీది మచ్చా నిజమే, రెండూ చేసింది మగవాళ్లే, మనం ఒకరి మీద ఒకరం పడటమెందుకంది. ఒక్క మాటా తప్పు కాదు. కానీ చెబుతున్నంతసేపూ ఆమె చూపు కండువాల వైపే ఉంది, ఎవరి మొహం ముడుచుకుంటోందా అని.

వెనక నుంచి ఒక పెద్దామె, విడపనకల్లు వైపు నుంచి కూరగాయలు తెచ్చే మనిషి, చెయ్యెత్తింది.

"ఎవురు ఎట్ల పుడితే మాకేమి తల్లీ. నేనడిగేది ఒకటే. మేం పట్టుకునే చెంబే ఆ యమ్మా పట్టుకుంటాదా?"

అందరి తలలూ ఆంజినమ్మ వైపు తిరిగాయి.

ఆంజినమ్మ గోడ పట్టుకుని లేచింది. మాట సిద్ధంగానే ఉంది. నాలుగేండ్లుగా వస్తాండాది, ఒక్కరికీ ఇబ్బంది రాల్యా, ఈ గది ఆ యమ్మది కూడా. పొద్దుటి నుంచి చీపురుతో పాటు ఆ మాటనూ అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. నోరు తెరిచింది. ఎదురుగా రహమత్‌బీ తడి కళ్లు. పక్కన చౌడేశ్వరి. వాళ్ల వెనక ఇరవై రెండేళ్లుగా తన చేతి నీళ్లు పుచ్చుకున్న మొహాలు. వీళ్లలో ఒక్కరినీ నొప్పించడం ఆమెకు ఇష్టం లేదు. పాము చావకుండా, కర్ర విరగకుండా ఏదైనా దారి దొరికితే బాగుండుననిపించింది. దొరికింది కూడా.

"అయ్యో, అట్లేం ల్యా అవ్వా. మన చెంబులు ఆ యమ్మ ముట్టదు. ఆ యమ్మకు వేరే చెంబు పెట్టినా. బయట గూట్లో ఉంటాది. వాడుకుని, కడిగి ఆడనే పెట్టి పోతాది."

చెప్పి, ఎంత బాగా సర్దానా అన్నట్టు నవ్వింది.

కండువాల్లోంచి ఒకామె చప్పట్లు కొట్టింది. "విన్నారు కదా! ఆంజినమ్మే వేరు చేసి పెట్టినాది. ఇంక మనదేముండాది? చెంబు వేరైనప్పుడు గదీ వేరే ఉండాల కదా."

"అదీ నిజమే," అన్నారెవరో. ఇంకెవరో తలూపారు. సంఘంవాళ్లు కూడా తలూపారు. ఒక్కసారిగా అరుగంతా తేలికపడింది, అంతసేపూ అందరూ వెతుకుతున్నది ఇదే అన్నట్టు. ఆంజినమ్మ, "నేను అనేది అది కాదు..." అంది. ఎవరికీ వినబడలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. అయినా ఆమె ఇంకోసారి, గట్టిగా అనలేదు. అనాల్సింది అప్పుడే. తుంటి విరిగిన రోజు అంత గట్టిగా అరిచిన మనిషి, ఈ రోజు రవిక మీద బ్యాడ్జి సర్దుకుని కూర్చుంది.

చౌడేశ్వరి పుస్తకంలో రాసింది. జయంతి వంటివారికి ప్రత్యేక వసతి కట్టించాలని కోరుతూ అర్జీ పెట్టాలని తీర్మానించడమైనది.

"అంతవరకూ?" అని అడిగింది కూరగాయలామె.

"అంతవరకూ... ఈ గదికి రావద్దని చెప్పాల," అంది చౌడేశ్వరి మెల్లగా. ఆ మాట పుస్తకంలో రాయలేదు.

గోడ అవతల నీళ్ల చప్పుడు ఎప్పుడు ఆగిందో ఆంజినమ్మ గమనించలేదు. ఆగిందని మాత్రం ఇప్పుడు తెలిసింది. మళ్లీ నీళ్లు పడటం మొదలైంది. ఒక బిందె. కొంతసేపటికి ఇంకో బిందె.

అందరూ వెళ్లిపోతుంటే చౌడేశ్వరి దగ్గరికొచ్చింది. "ఒక్క మాట చెప్పమన్నా కదా చిన్నమ్మా," అంది. కోపం నటించబోయింది గానీ మొహంలో కోపం కంటే హాయి ఎక్కువుంది. ఓట్లూ పోలేదు, తీర్మానమూ తను కొట్టేయలేదు. ఆంజినమ్మ ఆ హాయిని చూసి కళ్లు దించుకుంది. పొద్దున తనలో పొంగింది గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

నాలుగున్నరకు జయంతి వాకిలి దగ్గరికి వచ్చింది. గడప దాటలేదు. చేతిలో ఒక గుడ్డ సంచి. శెనక్కాయల గంప లేదు.

"యాడికి?" అంది ఆంజినమ్మ.

"బళ్లారికి. ఆడ మాలాంటోళ్లుండే మా గురువమ్మ ఇల్లుండాది. ఎప్పట్నుంచో రమ్మంటాండాది."

"ఎప్పుడొస్తావు?"

జయంతి తొట్టి వైపు చెయ్యి చూపింది. "తొట్టి నింపినా. రేపు మధ్యాన్నం దాకా వస్తాది. మూడో గది గొళ్లెం వదులుగా ఉండాది, చూపించుకో." సంచి భుజానికెత్తుకుంది. "చెంబు కడిగి పెట్టినా అత్తా."

తిట్టుగా కాదు. మామూలుగా.

ఆంజినమ్మకు ఒక్కసారిగా వాళ్ల నాయన చేతులు కనబడ్డాయి. గ్లాసు కడిగి, నీళ్లు విదిలించి, మునివేళ్లమీద లేచి గూట్లో బోర్లించే చేతులు. గూడు అదే ఎత్తు. బయటి గోడ, వాకిలికి కుడిపక్క. నాలుగేళ్లుగా రోజూ ఆ గూటి పక్కనుంచే లోపలికీ బయటికీ తిరిగింది. దాని ఎదురుగానే కూర్చుని పిల్లలకు గ్లాసు కథ చెప్పింది. నేల చీలితే దూరిపోవాలనిపించింది.

"చెంబు తీస్కపో జయంతీ. నీ పేరుండాది దాని మీద," అంది. తప్పు ఒప్పుకోవాలనుకుంది, నోట్లోంచి అదే వచ్చింది.

జయంతి గూటి వైపు చూసింది. ఒక్క క్షణం చెయ్యి అటు కదిలింది కూడా. తర్వాత సంచి పట్టీ సర్దుకుంది.

"ఉండనీలే అత్తా. ఆడ నాకు వేరే చెంబు అక్కర్ల్యా."

బళ్లారి బస్సు హారను కొట్టింది. జయంతి వెనుదిరిగి చూడకుండా వెళ్లి ఎక్కింది. పొద్దున ఆమె దగ్గర శెనక్కాయలు కొనుక్కున్న ఒకామె కిటికీలోంచి, "ఏమ్మా, ఈ పొద్దు కాయల్లేవా?" అని అడగడం వినిపించింది. బస్సు లేపిన ఎర్రదుమ్ము చాలాసేపు దిగలేదు.

ఆంజినమ్మ ముందు బ్యాడ్జి తీసి కొంగున ముడేసుకుంది. తర్వాత గూట్లోంచి చెంబు తీసింది. ఎప్పుడూ ముట్టుకోలేదని అప్పుడే తెలిసింది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా. తేలికగా ఉంది, చల్లగా ఉంది. లోపలికి తీసుకెళ్లి ఆరు ప్లాస్టిక్ చెంబుల వరసలో ఏడోదిగా పెట్టింది. రేపు రహమత్‌బీ దగ్గరికి వెళ్లాలనుకుంది. రేష్మా వచ్చినప్పుడు తనే స్నానాల గది వాకిట్లో నిలబడతానని, ఆ పిల్ల భయానికి తను కాపలా ఉంటానని చెప్పాలి. జయంతిని వెనక్కి పిలవాలి. ఈ మాటలు పొద్దున తోచి ఉంటే సరిపోయేది. బళ్లారిలో ఆ ఇల్లు ఎక్కడుందో కూడా అడగలేదు.

పొద్దు వాలుతుండగా ఉరవకొండ బస్సు వచ్చింది. ఆడవాళ్లు బిలబిలా దిగారు. చెంబులన్నీ ఒక్కొక్కటే చేతులు మారాయి. చివరగా, ఈ గదికి ఎప్పుడూ వచ్చే ఒక చంటిబిడ్డ తల్లి తొందర తొందరగా వచ్చింది. బిడ్డను ఆంజినమ్మ ఒళ్లో పడేసి చెయ్యి చాపింది. ఆంజినమ్మ స్టీలు చెంబు ముంచి ఇచ్చింది. ఆ పిల్ల చూడనైనా చూడకుండా పుచ్చుకుని లోపలికి పరిగెత్తింది. అవసరంలో పేరు చదివే తీరిక ఎవరికుంటుంది. ఆంజినమ్మకు కొంచెం ఊపిరి ఆడింది. ఇంతే కదా, ఇంత సులువే కదా, అనుకుంది.

ఆ పిల్ల బయటికొచ్చింది. వెలుతురులో చెంబు మీద అక్షరాలు చూసింది. తొట్టి దగ్గరికి వెళ్లి, ఇంకో చెంబుతో తనే నీళ్లు ముంచి పోసి దాన్ని ఒకసారి కడిగింది, ఇంకోసారి కడిగింది. చేతులు కూడా కడుక్కుంది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, వాకిలి దాటి కుడిపక్కకు తిరిగి దాన్ని గూట్లో పెట్టి వచ్చింది.

"పెట్టేసినా అవ్వా," అని నవ్వుతూ బిడ్డను ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆంజినమ్మ ఒళ్లో ఇంకా బిడ్డ వెచ్చదనం ఉంది. ఆమె అరుగు మీద నుంచి లేవలేదు. తెరిచిన వాకిట్లోంచి గూడు కనిపిస్తోంది. అందులో చెంబు బోర్లించి ఉంది, తలకిందులైన 'జయంతి' మీదుగా ఒక్కొక్క నీటిచుక్క జారి గోడ మీదికి దిగుతోంది.